గేటు లోపలి లెక్క, గేటు బయటి లెక్క: వ్యాపార బాధ్యతపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా గుంటూరు, విజయవాడ వ్యాపారులవి, ఒకటి సేవా సంస్థది. చాలావాటిలో ఉన్నది ఒకే చిక్కు: తమ షెడ్డులో, తమ వంటగదిలో ఎలాగూ చేయాల్సిన పనిని దానధర్మం ఖాతాలో రాయవచ్చా అని. జవాబులన్నిటికీ ఆధారం ఒక్కటే. గేటు లోపల సరిచేసుకోవాల్సింది మీ వ్యాపార ఖర్చు. ఊరికి చేసేది దాని తర్వాత మొదలవుతుంది.

ప్రశ్న: మాది మిర్చి ఎగుమతి చేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. సొంత గ్రేడింగ్ షెడ్డు ఉంది. గత మూడేళ్ల నికర లాభాలు వరుసగా 3.2 కోట్లు, 4.6 కోట్లు, 6.3 కోట్లు. ఇక సీఎస్ఆర్ (లాభంలో కొంత సమాజం కోసం ఖర్చుపెట్టాల్సిన కంపెనీ బాధ్యత) తప్పదని ఆడిటరు గారు అంటున్నారు. ఎంత ఖర్చు పెట్టాలి? మా షెడ్డులో తొడిమలు తీసే ఆడవాళ్లకు మరుగుదొడ్లు, పసిపిల్లల గది కట్టిస్తే అది ఇందులో చెల్లుతుందా?
— ఒక ఎగుమతిదారు, గుంటూరు

జవాబు: ఆడిటరు గారు చెప్పింది నిజమే. కంపెనీల చట్టం–2013లోని 135వ సెక్షన్ మూడు హద్దులు పెట్టింది: నెట్‌వర్త్ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు. గడిచిన ఆర్థిక సంవత్సరంలో వీటిలో ఏ ఒక్కదాన్ని అందుకున్నా ఈ ఏడాది బాధ్యత మీద పడ్డట్టే. మీరు మూడో హద్దు దాటారు. అయితే ఖర్చును ఆ ఒక్క ఏడాది లాభం మీద లెక్కకట్టరు, మూడేళ్ల సగటు మీద 2 శాతం కడతారు. మీ అంకెల మొత్తం 14.1 కోట్లు, సగటు 4.7 కోట్లు, అందులో 2 శాతం అంటే 9.4 లక్షలు.

చాలామంది పొరబడేది లాభం అంటే ఏది అన్న దగ్గరే. పన్ను పోగా చేతికి మిగిలింది కాదు. అదే చట్టంలోని 198వ సెక్షన్ పద్ధతిలో, ఆదాయపు పన్ను తీసేయకముందు కట్టిన లాభం. స్థలం అమ్మితే వచ్చిన మూలధన లాభం అందులో కలవదు. మీరు రాసిన అంకెలు పన్ను పోయాక మిగిలినవైతే లెక్క మళ్లీ వేయించండి, బాధ్యత పెరుగుతుంది.

కట్టాల్సింది 50 లక్షలు దాటలేదు కాబట్టి ప్రత్యేక కమిటీ అక్కర్లేదు, బోర్డే ఆ పని చూసుకోవచ్చు. సీఎస్ఆర్ విధాన పత్రం, బోర్డు తీర్మానం, డైరెక్టర్ల నివేదికకు జతచేసే వార్షిక నివేదిక, కంపెనీల రిజిస్ట్రారుకు ఇచ్చే సీఎస్ఆర్–2 ఫారం మాత్రం తప్పవు. డబ్బు విషయంలో మరో రెండు సంగతులు ముందే తెలుసుకోండి. ఈ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోవడానికి 2014 ఫైనాన్స్ చట్టం నుంచీ వీల్లేదు. సీఎస్ఆర్ కోసం కొన్న సరుకు మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (ఆ జీఎస్టీని మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) కూడా 2023 అక్టోబరు 1 నుంచి రాదు. కాబట్టి 9.4 లక్షల బడ్జెట్ వేసేటప్పుడు కొటేషన్లు పన్నుతో కలిపి తీసుకోండి.

ఇక మరుగుదొడ్లు, పసిపిల్లల గది. చెల్లవు. మీ దగ్గర పనిచేసేవాళ్ల కోసం చేసేది సీఎస్ఆర్ కాదని నిబంధనల్లోనే ఉంది. ఇతర చట్టాల కింద ఎలాగూ చేయాల్సిన పని కూడా కాదు. కూలీలు మేస్త్రీ ద్వారా వచ్చారని, రోజుకూలీ అని వాదించి లాభం లేదు. ఆ షెడ్డు మీది, ఆ సరుకు మీది. సీఎస్ఆర్‌లో చెల్లదు కదా అని మానేయకండి. మీ వ్యాపారంలో అన్నిటికంటే ముందు చేయాల్సిన పని అదే.

మరుగుదొడ్లతో పాటు ఆ షెడ్డులో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. మిర్చి ఘాటుకు కారణమైన క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. పొద్దస్తమానం తొడిమలు తీసిన చేతుల్ని ఒట్టి నీళ్లతో కడిగితే మంట చేతినిండా పాకుతుంది. నీళ్ల పంపు దగ్గర ఒక సీసాలో వంటనూనె, పక్కన సబ్బు పెట్టించండి. ముందు నూనె రాసి రుద్ది, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగాలి. బిడ్డకు పాలిచ్చే తల్లులకు ఇది అత్యవసరం. తొడుగులు పలుచని నైట్రైల్‌వి ఇవ్వండి. నూలు తొడుగులు కారాన్ని పీల్చుకుని చర్మానికే అంటిపెట్టుకుంటాయి. ముక్కుకు కట్టుకునే చీర కొంగు, గుడ్డ మాస్కు సన్నటి కారపు ధూళిని ఆపలేవు, ఎన్95 రకం కావాలి. ఎగ్జాస్టు ఫ్యాన్లు పైకప్పు దగ్గరే కాకుండా కూర్చుని పనిచేసే ఎత్తులోనూ ఉండాలి. పై ఫ్యాన్లు మాత్రమే ఉంటే ధూళి వాళ్ల మొహాల మీదుగా పైకి లేస్తుంది.

ధూళి అణుగుతుందని, కాయ విరగదని, తూకం కలిసొస్తుందని సరుకు మీద నీళ్లు చల్లే అలవాటు ఉంటే వెంటనే ఆపించండి. తేమ 10–11 శాతం దాటిన కాయలో బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. యూరప్ మిర్చిలో అఫ్లాటాక్సిన్ బీ1ను కిలోకు 5 మైక్రోగ్రాముల వరకు, అఫ్లాటాక్సిన్లన్నీ కలిపి 10 మైక్రోగ్రాముల వరకు మాత్రమే ఒప్పుకుంటుంది. ఒక్క కంటైనరు వెనక్కి వచ్చిందంటే ఆ నష్టం మీ 9.4 లక్షల కంటే పెద్దదే కావచ్చు.

ప్రశ్న: మాది నలుగురు అన్నదమ్ముల భాగస్వామ్య సంస్థ, జిన్నింగ్ మిల్లు నడుపుతున్నాం. లాభం 5 కోట్లు దాటితే మాకూ 2 శాతం వర్తిస్తుందా అండీ?
— గుంటూరు

జవాబు: వర్తించదు. 135వ సెక్షన్ కంపెనీలకే గానీ భాగస్వామ్య సంస్థలకు, ఎల్ఎల్‌పీలకు (పరిమిత బాధ్యత భాగస్వామ్యాలకు) కాదు. కంపెనీగా మార్చుకున్నాక వర్తిస్తుంది. మీ మిల్లులో పత్తి దూది ధూళి, అగ్నిప్రమాదాల సంగతి మాత్రం సంస్థ ఏ రూపంలో ఉన్నా మీదే.

ప్రశ్న: ఆటోనగర్‌లో మాకు చిన్న యూనిట్ ఉంది. లారీ విడిభాగాలు మెషినింగ్ చేసి ఒక పెద్ద కంపెనీకి సరఫరా చేస్తాం, 40 మంది పనివాళ్లు. ఈ ఏడాది ఆ కంపెనీ నుంచి నాలుగు పేజీల ప్రశ్నావళి వచ్చింది. కరెంటు, నీళ్లు, వ్యర్థాలు, కర్బన ఉద్గారాలు, ప్రమాదాల రేటు అన్నీ అడిగారు. కన్సల్టెంటును పెట్టుకోమని కొందరంటున్నారు. మాకు అంత స్తోమత లేదు. ఏం చేయమంటారు?
— యూనిట్ యజమాని, విజయవాడ

జవాబు: కన్సల్టెంటు అక్కర్లేదు. మీ పన్నెండు నెలల బిల్లులు, ఒక కాలిక్యులేటరు చాలు.

ఈ ప్రశ్నావళి ఎందుకొచ్చిందో ముందు చూద్దాం. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు బీఆర్ఎస్ఆర్ అనే వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022–23 నుంచి తప్పనిసరి చేసింది. తర్వాత వాటికి సరుకు ఇచ్చేవాళ్ల మీదికీ చూపు మళ్లింది. మొదటి 250 కంపెనీలు తమ కొనుగోళ్లలోనో అమ్మకాల్లోనో 2 శాతం, ఆపైన వాటా ఉన్నవాళ్ల వివరాలను స్వచ్ఛందంగా వెల్లడించేలా 2025 మార్చిలో నిబంధన సవరించారు. అంటే చట్టం మిమ్మల్ని నేరుగా అడగడం లేదు, మీ కొనుగోలుదారు అడుగుతున్నారు. జవాబు లేకపోతే వచ్చే ఏడాది ఆర్డరు పక్క షెడ్డుకు పోవచ్చు.

కరెంటుతో మొదలుపెట్టండి. నెలకు 6,000 యూనిట్లు కాలిస్తే ఏడాదికి 72,000 యూనిట్లు. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు ఎంత కార్బన్ డయాక్సైడ్ అన్నది కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఏటా ప్రకటిస్తుంది. ఇటీవలి అంకె 0.72 కిలోల దగ్గర ఉంది. గుణిస్తే సుమారు 52 టన్నులు. ఫారంలో స్కోప్–2 (కొన్న కరెంటు వల్ల పుట్టే ఉద్గారాలు) అన్న గడిలో రాయాల్సింది ఇదే. మీరే కాల్చే జనరేటరు డీజిలు స్కోప్–1లోకి వస్తుంది. లీటరుకు 2.68 కిలోలు, నెలకు 40 లీటర్లయితే ఏడాదికి దాదాపు 1.3 టన్నులు. ఏ ఏడాది అంకెతో గుణించారో పక్కన రాసిపెట్టండి, లేకపోతే వచ్చే ఏడాది పోల్చుకోలేరు.

ప్రమాదాల రేటుకు సూత్రం ఇది: పని నష్టపోయిన ప్రమాదాల సంఖ్యను 10 లక్షలతో గుణించి, ఏడాది మొత్తం పనిగంటలతో భాగించాలి. 40 మంది, రోజుకు 8 గంటలు, 300 రోజులు అంటే 96,000 గంటలు. ఒక్కరికి వేలు తెగి నాలుగు రోజులు రాకపోయినా మీ రేటు 10.4. అంకె పెద్దగా ఉందని భయపడి సున్నా రాసేవాళ్లున్నారు. వరసగా సున్నాలే కనిపిస్తే కొనుగోలుదారుకు అనుమానం రావచ్చు. ప్రమాదం రాసి, దాని తర్వాత ప్రెస్‌కు గార్డు బిగించామని ఫొటోతో చూపితే మీ మీద నమ్మకం పెరుగుతుంది.

వ్యర్థాల గడిలో అందరూ తడబడేది వాడిన నూనె, కూలెంట్ (మెషీన్లను చల్లబరిచే ద్రవం) దగ్గర. వాడిన నూనె ప్రమాదకర వ్యర్థాల కింద లెక్క. డబ్బాలు పట్టుకుని తిరిగి కొనుక్కునేవాడికి అమ్మితే అది ఏ బాయిలరులో కాలిందో, ఏ కాలువలో కలిసిందో చెప్పలేరు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇచ్చి, ఫారం–10 మ్యానిఫెస్టు (వ్యర్థాల రవాణా పత్రం) కాపీ దగ్గర పెట్టుకోండి. డబ్బా మీద తేదీ, పరిమాణం రాసి, కింద ట్రే పెట్టి, పైకప్పు ఉన్నచోట ఉంచండి. వానకు తడిసిన డబ్బాలోంచి పొంగిన నూనె రోడ్డు పక్క డ్రెయిను పట్టుకుంటుంది. నూనె తుడిచిన వేస్టు గుడ్డలు కూడా మామూలు చెత్తలోకి పోకూడదు.

ఫారం నింపడంతో ఆగకుండా ఒక్కపని చేస్తే కరెంటు బిల్లే తగ్గుతుంది. ఆదివారం పనిముట్లన్నీ ఆపి, గాలి లైన్లు తెరిచే ఉంచి, కంప్రెసరు నడపండి. గాలి వాడేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి అది లోడు తీసుకున్నంతసేపూ (గాలి నింపుతున్నంతసేపూ) గాలి ఎక్కడో లీకవుతున్నట్టే. గడియారం పెట్టి చూడండి. ఒకటిన్నర నిమిషం లోడులో, నాలుగున్నర నిమిషాలు ఖాళీగా నడిచిందనుకోండి. ఒకటిన్నరను ఆరుతో భాగిస్తే 25 శాతం. కంప్రెసరు సామర్థ్యంలో పావు వంతు లీకుల పాలే. 10 శాతం లోపుంటే ఫరవాలేదు. ఒక్క విడత కొలిచి ఊరుకోకుండా నాలుగైదు విడతల సగటు తీయండి. తర్వాత సబ్బునీళ్లు బ్రష్‌తో రాస్తూ పోతే బుడగలు కనిపిస్తాయి: ముందు క్విక్ కప్లర్ల దగ్గర, తర్వాత హోస్ క్లిప్పుల దగ్గర, చివరికి నీళ్లు వదిలేందుకు కొద్దిగా తెరిచి మరిచిపోయిన డ్రెయిన్ వాల్వు దగ్గర. లీకులు మూశాక ప్రెషరు 1 బార్ తగ్గించి పని నడుస్తుందేమో చూడండి. ఒక్క బార్ తగ్గితే కంప్రెసరు కరెంటులో 6–7 శాతం మిగులుతుంది. లీకులు మూయకుండా ప్రెషరు తగ్గిస్తే చివరి మెషీనుకు గాలి అందక పనివాళ్లు మర్నాడే మళ్లీ పెంచేస్తారు.

ప్రశ్న: మా కంపెనీ సీఎస్ఆర్ కింద గుంటూరు దగ్గరి రెండు గ్రామాల్లో గంటకు 1,000 లీటర్ల ఆర్వో ప్లాంట్లు పెట్టాలనుకుంటోంది. ఇంతకుముందు వేరేవాళ్లు పెట్టిన ప్లాంట్లు తాళాలు పడి ఉన్నాయి. మావీ అలా కాకుండా ఉండాలంటే?
— ప్రాజెక్టు బాధ్యుడు, గుంటూరు

జవాబు: ప్లాంటు ఆర్డరు పెట్టేముందు నీళ్లు పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో వేసవిలో ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి. ఆర్వో కావాలో వద్దో ఆ కాగితమే చెబుతుంది. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటినా, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) 2,000 దాటినా ఆర్వోకు అర్థముంది. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం వేరే ఆధారం లేనప్పుడు ఒప్పుకునే గరిష్ఠ పరిమితులు అవి. కోరదగినవి అయితే ఫ్లోరైడు 1, టీడీఎస్ 500. డెల్టా గ్రామాల్లో కాలువ నీళ్లతో నింపిన మంచినీటి చెరువు ఉంటే అక్కడ ఉప్పు సమస్య కాదు, బురద, క్రిములు సమస్య. అలాంటి ఊళ్లో ఆర్వో పెట్టడం డబ్బు దండగ, నీళ్లు కూడా దండగ. పాడైన ఇసుక ఫిల్టరు బాగుచేయించి, చివరి కుళాయి దగ్గర కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలేలా డోసరు బిగిస్తే చాలు.

ఆర్వో తప్పనిసరి అని తేలితే సైజు చూడండి. తాగడానికి, వంటకు ఇంటికి రోజుకు 20 లీటర్ల క్యాను ఒకటి. గంటకు 1,000 లీటర్ల ప్లాంటు 8 గంటలు నడిస్తే 400 క్యాన్లు. మీ ఊళ్లో 200 ఇళ్లే ఉంటే గంటకు 500 లీటర్లది చాలు. పెద్దది పెడితే రోజూ కాసేపే నడిచి మిగతా వేళ ఊరికే ఉంటుంది, ఊరికే ఉన్న మెంబ్రేన్ల (నీళ్లను వడగట్టే పొరల) మీద జిగురు పేరుకుంటుంది.

ప్లాంట్లు మూతపడటానికి మొదటి కారణం మెంబ్రేన్ కాదు, దాని ముందున్న వాటిని పట్టించుకోకపోవడం. ఇసుక ఫిల్టరు, కార్బన్ ఫిల్టరు రోజూ 10–15 నిమిషాలు వెనక్కి నీళ్లు పంపి కడగాలి. 5 మైక్రాన్ల కార్ట్రిడ్జి ముందు వెనక ప్రెషరు గేజిలు పెట్టి, తేడా పెరగగానే మార్చాలి. లవణాలు పేరుకుపోకుండా ఆపే ఆంటీస్కేలెంట్ మందు నీటిలో 3–5 పీపీఎం (లీటరుకు 3–5 మిల్లీగ్రాములు) పడాలి. ఆ చిన్న డబ్బా ఖాళీ అయిందని ఎవరూ చూడకపోతే గట్టి బోరు నీళ్లకు నెలల్లోనే మెంబ్రేన్లు మూసుకుపోతాయి. 1,000 లీటర్ల ప్లాంటులో 4040 సైజు (4 అంగుళాల వ్యాసం, 40 అంగుళాల పొడవు) మెంబ్రేన్లు నాలుగు ఉంటాయి. బాగా చూసుకుంటే రెండు మూడేళ్లు వస్తాయి. తియ్యగా ఉండాలని కొందరు ఆపరేటర్లు టీడీఎస్‌ను 20–30కి దించేస్తారు. అంత అవసరం లేదు. 80–150 మధ్య ఉంచమని గోడ మీద రాయించి, టీడీఎస్ మీటరు అక్కడే వేలాడదీయండి.

లోపలికి వచ్చే నీళ్లలో దాదాపు సగం వదిలేసిన నీళ్లుగా బయటికి పోతాయి. వాటిలో ఉప్పు, ఫ్లోరైడు రెట్టింపు. వాటిని చెరువులోకో, బోరు పక్క ఇంకుడు గుంతలోకో వదిలితే అదే నీళ్లు తిరిగి బోరులోకి వస్తాయి. విడిగా ట్యాంకు కట్టి బడి మరుగుదొడ్లకు, నేల కడగడానికి పైపు వేయండి.

రెండో కారణం యాజమాన్యం. సీఎస్ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. పంచాయతీ లాంటి ప్రభుత్వ సంస్థ పేరునో, లబ్ధిదారుల స్వయం సహాయక సంఘాల పేరునో, సీఎస్ఆర్ నమోదు ఉన్న ట్రస్టు, సొసైటీల పేరునో ఉండాలి. గుంటూరు పల్లెల్లో డ్వాక్రా గ్రామ సమాఖ్యకు అప్పగిస్తే నడుస్తుందన్నది నా అభిప్రాయం. వాళ్లకు బ్యాంకు ఖాతా, నెలనెలా సమావేశం, లెక్క రాసే అలవాటు ముందే ఉంటాయి. పంచాయతీ తీర్మానం కూడా చేయించండి, కరెంటు మీటరు ఎవరి పేరునో అందులోనే రాయించండి. నీళ్లు ఉచితంగా ఇవ్వకండి. క్యాను 5 రూపాయలనుకుంటే, రోజుకు 300 క్యాన్లకు నెలకు 45,000 వస్తుంది. అందులోంచి ఆపరేటరు జీతం, కరెంటు, మందులు పోగా ఒక భాగాన్ని విడి ఖాతాలో మెంబ్రేన్ల కోసం దాయాలి. ఆ ఖాతా లేని ప్లాంటుకు రెండో ఏడాదో మూడో ఏడాదో తాళం పడుతుంది.

మొదలుపెట్టిన ఏడాది కాక మరో మూడేళ్ల వరకు కొనసాగే ప్రాజెక్టుగా బోర్డు ఆమోదించవచ్చు. ఆ వెసులుబాటు వాడుకుని నిర్వహణ శిక్షణ, నీటి పరీక్షలు కూడా బడ్జెట్‌లోనే పెట్టండి. ప్రారంభోత్సవంతో ఖర్చు ముగిసే పద్ధతి పెట్టుకోకండి.

ప్రశ్న: బీసెంట్ రోడ్డులో మాకు బట్టల షాపుంది. ప్లాస్టిక్ మానేసి గుడ్డ సంచుల్లాంటివి ఇస్తున్నాం, పైన "పర్యావరణ హితం" అని అచ్చువేయించాం. అయినా మున్సిపాలిటీ వాళ్లు తప్పు పట్టారు. ఎందుకు?
— షాపు యజమాని, విజయవాడ

జవాబు: మీరిస్తున్నది నాన్‌వోవెన్ సంచి అయ్యుండాలి. చూడ్డానికి గుడ్డలా ఉన్నా అది పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టికే. అంచులోంచి ఒక పోగు లాగి నిప్పు చూపండి. నూలైతే కాలి బూడిదవుతుంది, ఇది కరిగి గట్టి పూసలా ముద్ద కడుతుంది.

ఇలాంటి సంచి చదరపు మీటరుకు కనీసం 60 గ్రాములు ఉండాలి. షాపులోనే తేల్చుకోవచ్చు. 10 సెంటీమీటర్ల చదరం ముక్కలు పది కత్తిరించి, నగల షాపు తూకంలో వేయండి. మొత్తం 6 గ్రాములకు తగ్గితే నిబంధన దాటినట్టే. మామూలు ప్లాస్టిక్ క్యారీబ్యాగుకైతే 2022 డిసెంబరు 31 నుంచి కనీస మందం 120 మైక్రాన్లు, పది పొరలు కలిపి స్క్రూగేజితో కొలిస్తే 1.2 మిల్లీమీటర్లు రావాలి. కంపోస్టబుల్ అని అమ్మేవాటికి మందం నిబంధన లేదు గానీ, తయారీదారుకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. సంచి మీద తయారీదారు పేరు, సర్టిఫికెట్ నంబరు కనిపించాలి. బయోడీగ్రేడబుల్ అన్న ఒక్క మాట చూసి కొనకండి.

"పర్యావరణ హితం" అన్న అచ్చు కూడా తీసేయించండి. ఆధారం చూపకుండా ఇలాంటి మాటలు వాడకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. నూలు సంచి ఇవ్వండి, లేదా పైన ప్లాస్టిక్ పూత లేని కాగితం సంచి ఇవ్వండి. సంచి తెచ్చుకున్నవాళ్లకు బిల్లులో రెండు రూపాయలు తగ్గించడం ఈ రెంటికంటే మేలు.

ప్రశ్న: గవర్నరుపేటలో మా హోటల్లో రోజుకు 60 లీటర్ల నూనె వాడతాం, వంద కిలోలకు పైగా తడిచెత్త వస్తుంది. వాడిన నూనె కొనేవాళ్లు షాపుకే వస్తున్నారు. అమ్మేయవచ్చా?
— హోటల్ మేనేజరు, విజయవాడ

జవాబు: ఎవరికంటే వాళ్లకు అమ్మకండి. ఆ నూనెలో కొంత బజ్జీల బండికే తిరిగొస్తుంది. నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు (టీపీసీ, నూనె పదేపదే కాగినప్పుడు పుట్టే చెడు పదార్థాలు) 25 శాతం దాటితే దాన్ని ఇక వంటకు వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన, 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి వాడే మీలాంటివాళ్లు ఎంత తెచ్చారు, ఎంత తీసేశారు, ఎవరికిచ్చారు అన్నది రిజిస్టరులో రాయాలి. బయోడీజిలు కోసం సేకరించే గుర్తింపు ఉన్నవాళ్లకే ఇచ్చి రసీదు తీసుకోండి. చేతిలో పట్టుకునే టీపీసీ మీటరు ఒకటి కొంటే వంటమాస్టరుతో వాదన ఉండదు. రంగు చూసి చెప్పడం నమ్మదగ్గ పద్ధతి కాదు, మిరపకాయ బజ్జీలు వేసిన నూనె ముందే ఎర్రబడుతుంది. నూనె త్వరగా చెడకుండా ఉండాలంటే 180 డిగ్రీలు దాటనివ్వకండి, మాడిన పిండి తునకల్ని గంటగంటకూ తీయించండి, పాత నూనెలో కొత్తది కలుపుతూ పోకండి. రాత్రి ఇనుప మూకుడులోనే వదిలేయకుండా వడకట్టి స్టీలు డబ్బాలో మూతపెట్టించండి.

రోజుకు 100 కిలోలు దాటితే మీరు భారీ వ్యర్థ ఉత్పత్తిదారు. తడిచెత్తను వీలైనంత అక్కడే కంపోస్టు చేయాలి. సాంబారు, కూర పులుసు ముందు వడకట్టేయాలి. తర్వాత ఎండుటాకులు గానీ కొబ్బరిపొట్టు గానీ కలిపి, గుప్పెట్లో పిండితే ఒకటి రెండు చుక్కలే కారేంత తేమ ఉంచాలి. గుట్ట లోపల 55–60 డిగ్రీలు వేడెక్కితే సరిగ్గా సాగుతున్నట్టు. కుళ్లు వాసన వస్తే తేమ ఎక్కువైంది, గాలి తగ్గింది. పొట్టు కలిపి తిరగేయండి. వేడెక్కకపోతే మరీ ఎండిపోయి ఉండవచ్చు. గిన్నెలు కడిగే నీళ్లు మురుగులోకి పోయే ముందు జిడ్డును ఆపే గ్రీజు ట్రాప్ ఉండాలి, దాన్ని వారానికోసారి శుభ్రం చేయించాలి.

ప్రశ్న: మాది బధిర పిల్లలకు పాఠాలు చెప్పే చిన్న సొసైటీ. కంపెనీల సీఎస్ఆర్ నిధి అడగాలంటే ఏం కావాలి?
— కార్యదర్శి, గుంటూరు

జవాబు: రిజిస్టరైన సొసైటీ, ఆదాయపు పన్ను మినహాయింపుకు 12ఏ నమోదు, దాతలకు పన్ను రాయితీకి 80జీ ఆమోదం, ఇదే తరహా పనిలో మూడేళ్ల అనుభవం. ఇవి ఉంటే కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ పోర్టల్‌లో సీఎస్ఆర్–1 ఫారం వేయాలి. ఛార్టర్డ్ అకౌంటెంటో కంపెనీ సెక్రటరీనో కాస్ట్ అకౌంటెంటో ధ్రువీకరించాలి. పాన్ మీద పేరు, రిజిస్ట్రేషను పత్రం మీద పేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయేమో ముందే చూసుకోండి. కార్యదర్శి డిజిటల్ సంతకం గడువు తీరిపోయి ఆగిపోయే దరఖాస్తులూ ఉంటాయి.

ప్రతిపాదనలో టీచర్ల జీతాలు రాయడానికి సంకోచించకండి. సీఎస్ఆర్ ఖర్చులో 5 శాతానికి మించకూడదన్న పరిమితి కంపెనీ సొంత సీఎస్ఆర్ నిర్వహణ ఖర్చులకు. పిల్లలకు పాఠం చెప్పే టీచరు జీతం ప్రాజెక్టు ఖర్చే. నిధి వచ్చాక విడి ఖాతా, విడి లెడ్జరు పెట్టండి. డబ్బు ఆమోదించిన పనికే వాడారని కంపెనీ ఆర్థిక అధికారి సంతకం పెట్టాలి, ఆయన అడిగేలోపే బిల్లులు సిద్ధంగా ఉంటే వచ్చే ఏడాది నిధికి దారి తెరిచినట్టే.

ప్రశ్న: మార్చి వచ్చేసింది, మాకు ఇంకా 18 లక్షలు ఖర్చు కాలేదు. ఒక మారథాన్ నిర్వహించి, బందరు కాలువ గట్టున మొక్కలు నాటించి ఈ నెలలోనే పూర్తి చేద్దామా అని మేనేజ్‌మెంట్ అడుగుతోంది.
— హెచ్ఆర్ అధికారిణి, విజయవాడ

జవాబు: మారథాన్ చెల్లదమ్మా. మారథాన్లు, అవార్డులు, ప్రకటనలు, టీవీ కార్యక్రమాల స్పాన్సర్‌షిప్పుల్లాంటి ఒకసారి జరిపే కార్యక్రమాలు సీఎస్ఆర్ కావని మంత్రిత్వ శాఖ 2014 జూన్‌లోనే సర్క్యులర్ ఇచ్చింది. 31న ఏదో ఒక సంస్థకు చెక్కు ఇచ్చి ఊపిరి పీల్చుకుందామన్నా కుదరదు. ఆ సంస్థ డబ్బును పనికి వాడితేనే ఖర్చైనట్టు.

మొక్కలు చెల్లుతాయి, కానీ మార్చిలో కాదు. విజయవాడ ఎండలకు మార్చిలో నాటిన మొక్క మే దాటదు. ఈ నెల 31 లోపు బోర్డు చేత దీన్ని మూడేళ్ల కొనసాగే ప్రాజెక్టుగా ఆమోదింపజేసి, కాలువ గట్టుకు జలవనరుల శాఖ అనుమతి కోసం దరఖాస్తు పెట్టించండి. ఖర్చుకాని మొత్తాన్ని ఏప్రిల్ 30 లోపు షెడ్యూల్డ్ బ్యాంకులో తెరిచిన అన్‌స్పెంట్ సీఎస్ఆర్ ఖాతాలో వేయాలి. ఆ తర్వాత మూడు ఆర్థిక సంవత్సరాల గడువుంటుంది. కొనసాగే ప్రాజెక్టు లేకపోతే సెప్టెంబరు 30 లోపు ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి లాంటి, కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో ఉన్న నిధికి జమచేయాల్సిందే. రెండూ చేయకపోతే కంపెనీకి ఆ మొత్తానికి రెట్టింపు లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అంత జరిమానా. బాధ్యుడైన అధికారికి జమచేయాల్సిన మొత్తంలో పదో వంతు లేదా 2 లక్షలు, ఏది తక్కువైతే అది.

జులైలో వానలు పడ్డాక 60 సెంటీమీటర్ల లోతు, వెడల్పు గుంతలు తీసి, మట్టిలో పశువుల ఎరువు కలిపి, ఆరడుగుల మొక్కలు నాటించండి. గట్టుకు మద్ది, నేరేడు, కానుగ బాగా వస్తాయి. కరెంటు తీగల కింద పెద్ద చెట్లు వద్దు. వేసవిలో రెండు మూడు రోజులకోసారి మొక్కకు 10–15 లీటర్లు పోయాలి, అదీ రెండు వేసవులు. బడ్జెట్‌లో ట్యాంకరు, మనిషి కూలీ మొక్కల ధర కంటే ఎక్కువగా కనిపిస్తాయి, కొట్టేయకండి. కాంట్రాక్టరుకు నాటిన రోజున సగమే ఇచ్చి, మిగతాది మొదటి వేసవి, రెండో వేసవి దాటాక బతికిన మొక్కల్ని లెక్కపెట్టి ఇచ్చేలా ఒప్పందం రాసుకోండి.